చెక్కు మీది పేరు

ఖుర్సీపార్‌లో బస్సెక్కిన ముసలావిడ నా పక్కన కూర్చుని, సంచిలోంచి సర్కారీ చెక్కు తీసి నా చేతికిచ్చింది.

"దీని మీద పేరేటుందో సదువు బాబూ."

చదివాను. ఆవిడ కళ్లు మూసుకుని వింది.

"మా ఇంటాయన. పోయాక వచ్చిందిది. చెల్లదంట. ఆపీసులో ఇచ్చేసి నా పేరున రాయించుకోవాల."

"మరి పేరు మీకు తెలుసు కదమ్మా?"

"నా నోటితో అనకూడదు కదా. ఇది ఇచ్చేసినాక ఇంకెవులు పలుకుతారు? ఇంకోపాలి సదువు."

మళ్లీ చదివాను. చనిపోయిన ఆ మనిషి మీద అసూయ పుట్టింది. దిగేదాకా అది నన్ను వదల్లేదు. బతికున్న నా పేరు ఎవరైనా ఎత్తితే నా భార్య మాట మార్చేస్తుంది. అలా చేసుకున్నది నేనే.

రోజూ ఇంటికొస్తూ వీధిలోంచే నా భార్యను గదమాయిస్తూ కేకేసేవాణ్ని. ఆ రోజు మా ఇంటి తలుపు మెల్లగా తట్టి, బయటే నిలబడ్డాను.