కంపెనీ అంటే కలిసి తినేవాళ్లు

నిన్న లాడ్ బజార్ వెనక గల్లీలో, పాత సామాన్ల దుకాణం ముందు సొట్టలు పడ్డ అల్యూమినియం టిఫిన్ డబ్బా కనిపించింది. మూత తీస్తే ఎల్లిపాయకారం వాసన వస్తుందేమో అనిపించింది. మన ఈడు వాళ్లకు ఆ డబ్బా గుర్తుండే ఉంటుంది.

మా నాన్న, బాపు, దబీర్‌పురాలో ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవాడు. ఇంట్లో మాకది 'కంపెనీ'. అక్కడ మిగిలిన కరపత్రాలు తెస్తే నేను ఒక్కటీ వదిలేవాణ్ణి కాదు. ఎనిమిదో తరగతిలో ఒకదాంట్లో చదివాను: కంపెనీ అనే మాట లాటిన్‌లో రొట్టె అనే మాట నుంచి పుట్టిందట. కలిసి రొట్టె తినేవాళ్లని అర్థమట.

బడి లేని రోజు బాపుకు డబ్బా తీసుకుపోయాను. అందరూ గుండ్రంగా కూర్చుని తింటున్నారు. ఊడ్చే యాదయ్య ఒక్కడే మెట్ల కింద తింటున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"గిదేం కంపెనీ బాపూ? కలిసి తింటేనే కంపెనీ అంట. యాదయ్యను ఎందుకు పిలుస్తలేరు?"

"లీడర్ సాబ్ వచ్చిండు," అని ఎవరో నవ్వారు. బాపు తలెత్తలేదు. ఇంటికొచ్చాక తన్నులు తప్పవనుకున్నాను.

కానీ మర్నాడు పొద్దున బాపు అమ్మతో అన్నాడు: "ఇంకో రెండు జొన్నరొట్టెలు పెట్టు. ఇయ్యాల యాదయ్యను పక్కన కూసోబెట్టుకుంట."