కట్టు విప్పడం నేర్పిన సిస్టరమ్మ

మంగళవారం పొద్దున మా సిస్టరమ్మ చనిపోయింది. ఈ సంగతి పామిడి జనానికి తెలియజేసిన ఘనత ఫ్లెక్సీది. మధ్యాహ్నానికల్లా బస్టాండు ఎదురుగా నిలువెత్తున లేచింది. అందులో ఆమె తమ్ముడు రెండు చేతులూ జోడించి, మీసం దువ్వి, నడి మధ్యలో నిలబడ్డాడు. ఆయన చుట్టూ ఆయన మనుషులు, పాస్‌పోర్టు సైజులో, వరసలుగా. ఆమె ఎక్కడుందా అని వెతికితే పైన ఒక మూల చిన్న గుండ్రంలో కనిపించింది. బస్సు కోసం నిలబడ్డ ఒక ముసలాయన నన్ను అడిగాడు.

"ఏమప్పా, పోయింది ఈ మీసాలాయప్పనా?"

"ఇంకా లేదు తాతా," అన్నాను.

సంతాప సభ కూడా జరిగింది. వక్తలు ఆమెను సేవామూర్తి అన్నారు, కరుణామయి అన్నారు, శాలువాలు ఒకరికొకరు కప్పుకున్నారు. నేనూ రెండు ముక్కలు మాట్లాడతానంటే తమ్ముడుగారు నా మొహం చూసి, "ఈ పిల్లోడు ఎగతాళి మనిషి, మైకు ఇయ్యొద్దండప్పా" అన్నాడు. మనిషిని సరిగ్గానే అంచనా వేశాడు. కాబట్టి పాఠక మహాశయులారా, మైకు దొరకని సంతాపాన్ని ఇక్కడ రాసుకుంటున్నాను. వినయంగానే రాస్తాను.

ఆమె ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక తీర్థయాత్రలకు పోకుండా, ఇంక నయం కాని జబ్బుతో మంచాన పడ్డవాళ్లనూ, మతిమరుపు జబ్బు వచ్చిన ముసలివాళ్లనూ ఎలా చూసుకోవాలో ఊరూరా తిరిగి నేర్పింది. ఇంట్లోవాళ్లకే కాదు, నర్సులకూ డాక్టర్లకూ నేర్పింది. డాక్టర్లతోనే కష్టం అనేది. "ఇంట్లోవాళ్లకు తెలీదని వాళ్లకు తెలుసప్పా. డాక్టర్లకు అదీ తెలీదు."

నాకు ఆమెతో పరిచయం ఏ సభలోనో జరగలేదు. మా అవ్వ మంచం దగ్గర జరిగింది. అప్పటికి నేను డిగ్రీ పూర్తి చేసి, గ్రూప్స్‌కి చదువుతున్నానని ఊరిని నమ్మిస్తున్న రోజులు. అవ్వకు మతి తప్పింది. రోజూ తెల్లారేసరికి చెనక్కాయ పీకడానికి పోవాలని బయలుదేరేది. మా చేన్లో చెనక్కాయ వేసి ఏళ్లయింది. వాన లేదు, బోరు ఎండిపోయింది. ఒకరోజు గుత్తి రోడ్డు మీద లారీల మధ్య దొరికింది. ఆ మర్నాటి నుంచి నేను ఒక శాస్త్రీయ పద్ధతి కనిపెట్టాను. అవ్వ కుడి చేతిని తువ్వాలుతో మంచం కోడుకి కట్టేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రాజ్యాంగం చదివేవాణ్ణి. ప్రాథమిక హక్కుల చాప్టరు. ఇది హాస్యానికి కల్పించింది కాదు, అదే చాప్టరు.

ఒక పొద్దున ఎవరో చెప్పగా సిస్టరమ్మ వచ్చింది. అవ్వ చేతిని చూసింది. నన్ను చూసింది. తిట్టలేదు. తువ్వాలు విప్పి, "ఏదీ అబ్బీ, చెయ్యి ఇట్ల ఇయ్యి" అంది. నాడి చూస్తుందేమో అని ఇచ్చాను. అదే తువ్వాలుతో, అదే కోడుకి నా చెయ్యి కట్టేసింది. ఆ ముడి నాది కాదు, నర్సుది. ఎంత లాగినా రాలేదు.

తర్వాత అవ్వను వరండాలో కూర్చోబెట్టి చాటలో చెనక్కాయలు పోసింది. "పీకేది అయిపోయిందమ్మా, ఒలిచేది ఉండాది" అంది. అవ్వ గమ్మున ఒలిచింది. ఇంత తేలిక సంగతి మా ఇంట్లో ఇంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కడికీ తట్టలేదు.

కాసేపటికి నేను, "సిస్టరమ్మా, ఒంటికి పోవాల" అన్నాను.

"ఇప్పుడే కదప్పా పోయింటివి," అంది, నా వంక చూడకుండా.

నేను అవ్వకు రోజూ చెప్పే జవాబు అది. అన్ని ఇళ్లలోనూ అదే చెబుతారట. కక్ష కాదు, ఊరికే నా మాట నాకు వినిపించింది. అవ్వ మాత్రం చాట పక్కన పెట్టి, "పాపం వాణ్ణి ఇడిసిపెట్టు మ్మేయ్, వానికి అర్జెంటుగా ఉండాది" అని నా తరఫున వాదించింది. నేనెవరో ఆమెకు తెలియదు. అయినా వాదించింది. నా మీద నాకు కలిగిన రోత ఆ రోజు మొదలైంది. ఇంకా పూర్తిగా పోలేదు, పోనక్కర్లేదు కూడా.

అవ్వ పోయాక నేను సిస్టరమ్మ వెంట తిరిగాను. నా హోదా రోగి. శిక్షణ తరగతుల్లో మంచం మీద పడుకునేవాణ్ణి. నన్ను పక్కకు తిప్పడం, దుప్పటి మార్చడం, నాకు చెడువార్త చెప్పడం నేర్చుకునేవాళ్లు. పామిడి నుంచి లేపాక్షి దాకా నేను చావని సత్రం లేదు. నవ్వు ఆపుకోలేకపోతే ఆమె నా కాలిబొటనవేలు గిల్లేది.

అయితే మధ్యాహ్నం భోజనానికి ముందు ఒక పాఠం ఉండేది. దానికి నేను పనికిరానని చెప్పేది. డాక్టర్లనే పడుకోబెట్టి, పాత చీర పేలికలతో చేతులు కట్టి, రోగుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్ల చేత ఉప్మా తినిపించేది. తినిపించేవాళ్లు పక్కవాళ్లతో మాట్లాడుతూ, డాక్టర్ల మొహం చూడకుండా పెట్టాలి. ఒక కుర్ర డాక్టరుకు మూడో ముద్దకే పొలమారింది. పెడుతున్నది భర్త పక్షవాతంతో మంచాన ఉన్న ఒకమ్మ. "మింగు, నాకు చానా పనుండాది" అనేసి ఆగిపోయింది. స్పూను కింద పెట్టి, కొంగుతో ఆ డాక్టరు మూతి తుడిచింది. తుడుస్తూ ఏడ్చింది.

"ఇంతే పాఠం. లేచి చేతులు కడుక్కోండి," అంది సిస్టరమ్మ.

ఇంక ఆమె సొంత సంగతి. పోయిన ఎండాకాలం ఆమెకు కాలేయంలో కేన్సరు బయటపడింది. అప్పటికే ముదిరింది. ఆమె ఏడవలేదు, నోటుబుక్కులో నుంచి ఒక కాగితం చింపి రాసి సంతకం పెట్టింది. ఐసీయూ వద్దు. ముక్కులో గొట్టం వద్దు. నొప్పికి మాత్రం మందు ఇవ్వండి. నా మంచం మీదే పోతాను. నన్ను కట్టేయొద్దు. చివరి మాట కింద రెండు గీతలు. ఒక కాపీ తమ్ముడికిచ్చింది, ఒక కాపీ నాకు. నెలల తరబడి నేనూ, ఆమె దగ్గర నేర్చుకున్న ఇద్దరు ఆడవాళ్లూ వంతులు వేసుకుని చూసుకున్నాం. ఆమె మంచంలో ఉండి కూడా మా తప్పులు దిద్దేది. "తల కింద కాదప్పా, భుజం కింద చెయ్యి పెట్టు. ఎన్నిసార్లు సచ్చినావు, ఇంకా రాలేదా?"

శనివారం ఆమె మాటలు తడబడ్డాయి. అప్పుడు వచ్చాడు తమ్ముడు, రెండు కార్లతో, ఒక అంబులెన్సుతో. నేను కాగితం చూపించాను.

"అక్కను ఇంట్లో పెట్టి సంపినాడు అంటారప్పా జనం. రేపు ఎలక్షన్లో నా మొగం యాడ పెట్టుకోవాల?"

"ఆయమ్మ మొగం గురించి రాసుకుందన్నా, నీ మొగం గురించి కాదు."

"ఆ పేపరు ఈడ సెల్లదులే. జరుగు."

జరిగాను. పాఠకులు గమనించాలి, నేను జరిగాను. అంబులెన్సు సైరను ఊరి చివర దాకా వినిపించింది. అదే రోజు ఆయన స్టేటస్‌లో ఫొటో వచ్చింది. ఐసీయూ అద్దం ముందు ఆయన, వెనక మసకగా ఒక మంచం. కింద నాలుగు దండం పెట్టే బొమ్మలు. 

సోమవారం నన్ను పది నిమిషాలు లోపలికి వదిలారు. ఆసుపత్రి పేరు రాయను. అద్దాలు, ఏసీ, రిసెప్షన్‌లో వినాయకుడు, అన్నీ ఉన్నాయి. సిస్టరమ్మ ముక్కులో గొట్టం ఉంది. రెండు మణికట్లకీ బ్యాండేజీ గుడ్డ, గుడ్డ చివర్లు మంచం కమ్మీలకి. ముడి మాత్రం చక్కగా ఉంది. వేళ్లు ఉబ్బిపోయాయి. కుడి చెయ్యి మొహం వైపు లేస్తోంది, కట్టు లాగితే పడిపోతోంది. మళ్లీ లేస్తోంది.

"సూసినావా అన్నా," అంది డ్యూటీలో ఉన్న నర్సు. ఇరవై ఏళ్లుంటాయేమో, కళ్లకింద నలుపు. "పైపు పీకను సూస్తాండాది. పొద్దున్నుంచి ఇదే పని."

"విప్పమ్మా."

"అయ్యో, నేను ఇప్పలేను. ఈ వార్డంతా నేనొక్కదాన్నే సూసుకోవాల. ఆయమ్మ పైపు పీకేస్తే నన్ను ఉద్యోగంలోంచి పీకేస్తారు."

"ఈయమ్మ కూడా నర్సేనమ్మా. నలభై మంచాలు ఒక్కతే చూసేదంట."

ఆ పిల్ల మంచం వంక చూసింది. అంతవరకు పైపును తప్ప మనిషిని చూసినట్టు లేదు.

"పది నిమిషాలు నేను పట్టుకుని కూర్చుంటా. ఏమన్నా అయితే నా పేరు రాయి."

ఆమె తలుపు వైపు చూసింది. అద్దం అవతల తమ్ముడు ఫోన్లో ఎవరికో నవ్వుతూ ఏదో చెబుతున్నాడు. ఆమె వంగి కుడి చేతి ముడి విప్పింది. గుడ్డ కింద చర్మం ఎర్రగా, గీతలుగా ఉంది. నేను చెయ్యి పట్టుకుంటానన్నాను గానీ పట్టుకోలేదు. నిజం చెబుతున్నాను, పీకేస్తుందనే అనుకున్నాను. పీకేస్తే అడ్డు పోకూడదనీ అనుకున్నాను.

చెయ్యి మెల్లగా లేచింది. గొట్టాన్ని దాటి పైకి పోయింది. ఎడమ కనుబొమ్మ దగ్గర ఆగింది. సిస్టరమ్మ చూపుడు వేలితో అక్కడ గోక్కుంది. తొందరేం లేకుండా, కళ్లు మూసుకుని, తనివితీరా, చాలాసేపు గోక్కుంది.