బొటనవేలి మూడో కణుపు

మా జువాలజీ సారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను షాపులో కాయిల్ చుడుతున్నాను. "పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూచున్నోడు కూచున్నట్టే పోయినాడప్పా" అన్నాడు కాలేజీ అటెండరు. ఫోను పెట్టేశాక ఎన్ని చుట్లు చుట్టానో మరిచిపోయాను. మొదటినుంచి లెక్కబెట్టాను. మళ్లీ మరిచిపోయాను. ఆ కాయిల్ ఇంకా అట్లాగే ఉంది.

నాది ఎర్రగుంట్లలో, కాలిన బోరు మోటార్లకు రాగి తీగ మళ్లీ చుట్టే రివైండింగ్ షాపు. ఇంటర్‌లో సారు దగ్గర చదివి, ఆయన సబ్జెక్టులోనే తప్పిన ఘనుణ్ని. ఆయన రిటైరయ్యాక రోజూ సాయంత్రం వచ్చి నా షాపు ముందు బల్ల మీద కూర్చునేవారు. చొక్కా జేబులో అప్పటికీ ఒక సుద్దముక్క ఉండేది. టీతో రెండు బిస్కెట్లు తీసుకుంటే ఒకటి వీధి కుక్కది. ఏమడిగినా తెలిస్తే చెప్పేవారు, తెలియకపోతే హాయిగా "తెలీదు" అనేవారు. "ఆ మాట నేర్చుకునేదానికి నాకు ముప్పై ఏండ్లు పట్టింది" అని నవ్వేవారు.

ఒకసారి సారు చేనులో మోటారు తిరగలేదు. నేను చూసీ చూడకుండా మోటారు కాలిందని తేల్చేశాను. నలుగురిని పెట్టి, ఒక దినమంతా గొట్టాలు ఒక్కొక్కటే విప్పుతూ బోరులోంచి మోటారు బయటికి లాగించాను. తీరా చూస్తే మోటారు నిక్షేపంలా ఉంది. చెడిపోయింది మోటారును ఆన్ చేసే, షెడ్డు గోడకున్న స్టార్టరు! సారు ఒక్క మాట కూడా అనలేదు. ఆ తర్వాత పదేళ్లపాటు మాత్రం అంటూనే ఉన్నారు.

ఎనిమిదేళ్ల కిందట మాకు పాప పుట్టింది. కుడిచేతికి రెండు బొటనవేళ్లు. మా అమ్మ చూసిన మరుక్షణం నా భార్య మీద పడింది. "గ్రహణం పూట కత్తిపీట ముట్టింటాది." ముట్టలేదని, కదలకుండా పడుకునే ఉన్నానని నా భార్య ఎంత చెప్పినా వినలేదు. పేరు పెట్టిన రోజు సారు వచ్చి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, పాప చెయ్యి చాలాసేపు పట్టుకుని చూసి వెళ్లారు.

ఆసుపత్రిలో పాప రక్తం తీసి పరీక్షకు పంపారు. చేతి వేళ్లను తీర్చే జీన్‌లో ఏ లోపమూ లేదని రిపోర్టు వచ్చింది. నేను సంతోషించాను. అమ్మ ఇంకా సంతోషించింది. "చూసినావా, రక్తంలో ఏమీ లేదంట. గ్రహణం కాకుంటే ఇంకేంది?" అంది. జీన్ బాగుంటే ఆరో వేలు ఎట్లా వచ్చింది? నేను రిపోర్టు పట్టుకుని నిలబడ్డాను. నా భార్య పాపను ఎత్తుకుని ఆత్మకూరుకు, పుట్టింటికి బయలుదేరింది. "మీయమ్మ అన్నదానికి కాదు. నువ్వు నోరు తెరవలేదు సూడు, అందుకు పోతాండా" అంది.

ఆ సాయంత్రం సారుకు రిపోర్టు చూపించాను. చదివి, తలకొట్టుకున్నారు. "మళ్లా మోటారే బయటికి తీసినారు గదప్పా! స్టార్టరు ఎవురూ చూడలే."

"అంటే ఏంది సారూ?"

"జీన్ మోటారు అనుకో. అది ఎప్పుడు తిరగాల, యాడ తిరగాల, ఎంతసేపు తిరగాల అని చెప్పే తునక డీఎన్ఏలో వేరే ఉంటాది. ఈ వేళ్ల జీన్‌కైతే శానా దూరంగా, ఇంకో జీన్ కడుపులో ఉంటాది. నీ స్టార్టరు పక్కోని షెడ్డులో ఉన్నట్టు."

"వైరు లేకుండా అంత దూరం ఎట్లా అందుతాది?"

బల్ల మీది రాగి తీగ తీసుకుని మధ్యకు వంచారు. రెండు కొసలూ తగిలాయి. "డీఎన్ఏ తిన్నగా పడుండదు. మడత పడితే దూరంగా ఉండేది పక్కకొస్తాది. కడుపులో చెయ్యి మొలిచేటప్పుడు ఈ జీన్ చిటికెనవేలి వైపే పనిచేయాల. ఆ తునకలో ఒక్క అక్షరం మారినా చాలు, బొటనవేలి వైపు గూడా ఆన్ అయితాది. మెదడుకూ వెన్నుకూ ఇదే జీన్, కానీ ఆడ స్టార్టర్లు వేరే. అందుకే పాప బాగుండాది. ఇది పరీక్ష చేసి చెప్పేమాట కాదు, నేను అనుకునేదే. యాదీ, నీ చెయ్యి?"

నా బొటనవేలు నొక్కుతూ లెక్కబెట్టారు. ఒకటి, రెండు, మూడు. బొటనవేలికి ఉండాల్సింది రెండే కణుపులట. ఇరవై ఏళ్లుగా ఆ వేలితోనే కాయిళ్లు మోటారు లోపలికి నొక్కుతున్నాను. పొడుగ్గా ఉందని మురిసిపోయానే తప్ప ఏనాడూ లెక్కబెట్టలేదు.

"ఇదీ అదే తునక పనే అయ్యుంటాది. ఒకరికి వేలు పొడుగు, ఇంకొకరికి వేలే ఎక్కువ."

"ఒక్కొక్కరికి ఒక్కో తీరు ఎందుకు సారూ?"

"తెలీదు. ఫో, ఆత్మకూరుకు పోయి నీ పెండ్లానికి చెయ్యి చూపించు. ఇంట్లో నీ వేలుతోనే ఆపు. ఇంకెవరివీ లెక్కబెట్టొద్దు."

ఎందుకో చెప్పలేదు. కుక్కకు బిస్కెట్ వేసి లేచారు.

నా భార్య రెండుసార్లు లెక్కబెట్టింది. ఏడ్చింది. నా చేతి మీద ఒక్కటిచ్చి, మూట కట్టుకుంది. నావల్లే వచ్చిందని అమ్మకు చెప్పాను. ఆ రోజునుంచి అమ్మ గ్రహణం మాట ఎత్తలేదు. కోడలితో తప్పయిందనీ అనలేదు. ఎనిమిదేళ్లూ ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర, ముక్తసరిగా.

పాపకు ఏడాది నిండాక ఆపరేషన్ చేసి వేలు తీశారు. చిన్న మచ్చ ఉంది. సారు పాపను బల్ల మీద కూర్చోబెట్టుకుని వేళ్ల కణుపుల మీదే లెక్కలు నేర్పారు.

సారును సాగనంపడానికి సమాధుల తోటకు అందరం వెళ్లాం. పెట్టె దించాక ఒక్కొక్కరు పిడికెడు మట్టి వేస్తున్నారు. అమ్మ వేసి వెనక్కి వచ్చింది. పాప జేజి చేతి మట్టి దులపబోయి, ఆ చెయ్యి పట్టుకుని ఆగింది.

"జేజీ, నీ బొటనవేలూ పొడుగే!" అని నొక్కుతూ మొదలుపెట్టింది. "ఒకటి. రెండు."

పేరు పెట్టిన రోజు ఆ చేతినుంచే సారు మజ్జిగ గ్లాసు అందుకున్నారు. అప్పుడే చూశారా? చూసే వద్దన్నారా? పాపను ఆపాలా, వద్దా? అడుగుదామంటే ఆయన గుంతలో ఉన్నారు.

"మూడు" అంది పాప.

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఎప్పటినుంచి తెలుసో ఏమో, నన్ను చూడలేదు, పాపనూ చూడలేదు. ఎర్రమట్టి అంటిన ఆ చేతిని అట్లాగే విప్పి, నా భార్య ముందుకు చాచింది.