పదకొండు ఇళ్లకు ఒకే నంబర్

ఈ మాటను ఇన్నేళ్లు ఒక్కణ్నే మోశాను. నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ధైర్యం వచ్చిందని అనుకోకండి. అది నాలో ఎప్పుడూ లేదు.

ఆదిభట్లకు కంపెనీలు వచ్చి, ఇబ్రహీంపట్నం చుట్టూ ఎకరాలు గజాలుగా మారిపోతున్న రోజులవి. ప్రమాదం వస్తే జనాన్ని హెచ్చరించే పాత పద్ధతిని మార్చే సర్కారు పథకం ఒకటి మొదలైంది. అందులో నేను కాంట్రాక్టు మీద సర్వే చేసేవాణ్ని. అంతవరకూ చెరువు అలుగు పోస్తే పంచాయతీ ఆఫీసు మీది సైరన్‌ను ఒక మనిషి చేత్తో తిప్పేవాడు. ఇక ఆ తిప్పలు లేవు, ప్రతి ఇంటి ఫోనుకూ మెసేజ్ వస్తుందన్నారు. ఇంటింటికీ పోయి నంబర్ రాసుకుని, అక్కడే ఒకసారి మోగించి చూడటం నా పని. అంతే. అంతకన్నా తేలికైన పని ఎక్కడైనా ఉంటుందా?

అదీ చేయలేదు. పథకం జీతం తీసుకుంటూ కొంగరకలాన్‌లో ప్లాట్లు చూపించుకుంటూ తిరిగేవాణ్ని. ఒక ఊళ్లో వాగు అవతల పదకొండు ఇళ్లు మిగిలాయి. బురద దారి, కొత్త బూట్లు. పైగా ఆ రోజు ప్లాటు చూడటానికి మనుషులు వస్తామన్నారు. హోటల్లో కూర్చుని మొదటి ఇంటి గడిలో నా సొంత నంబర్ రాశాను, తర్వాత దిద్దుదామని. రెండో గడిలోనూ అదే. పదకొండూ నింపాక చాయ్ ఇంకా వేడిగానే ఉంది.

ఎవరైనా పట్టుకుంటారని భయపడ్డానా? లేదు. పట్టుకునేవాళ్లెవరో నాకు తెలుసు. మండలంలో ఈ పథకం చూసే పెద్దసారు పేజీ కూడా తిప్పకుండా సంతకం పెట్టాడు. తర్వాత సభ పెట్టి, శాలువాలు కప్పించుకుని, ఇక ఈ మండలంలో నీళ్లకు ప్రాణం పోయే మాటే లేదన్నాడు. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. ఆ వారమే సైరన్‌ను పాతసామాన్లోళ్లు ఎత్తుకుపోయారు.

మరుసటి వానాకాలం రెండు రోజులు ముసురు పట్టింది. మధ్యాహ్నం కొంగరకలాన్‌లో టెంటు కింద ఒక కుటుంబానికి లేఅవుట్ కాగితం చూపిస్తున్నాను. ఫోన్ మోగింది. ఆగకుండా మళ్లీ మళ్లీ మోగింది. 'అలుగు జోరుగా పారుతోంది, వాగు దాటవద్దు.' ఒకే మెసేజ్, పదకొండు సార్లు.

"ఎవరో మస్తు యాది చేస్తున్రే నిన్ను!" అన్నాడు ఆ కుటుంబం పెద్ద.

నవ్వాను. అవును, నవ్వాను. ఆ పదకొండు మెసేజ్‌లు ఎవరివో ఆ క్షణంలోనే అర్థమైంది. బండి మీద పోతే పావుగంట. పోనీ, ఆ ఊళ్లో ఎవరికైనా ఒక్క ఫోన్ చేస్తే చాలు. చేస్తే నీకెట్ల తెలుసని అడగరా? నేను రాసిన దొంగ నంబర్లు బయటపడవా? అయినా వాగు పక్కన పుట్టినవాళ్లకు వాగు సంగతి తెలియదా? ఒక మనిషి తనకు తాను ఎంత తొందరగా సర్దిచెప్పుకోగలడో ఆ రోజే చూశాను. మెసేజ్‌లు ఒక్కొక్కటే డిలీట్ చేసి, తూర్పు ముఖం ప్లాటు ధర చెప్పాను.

ఆ పదకొండు ఇళ్లలో ఒకటి నర్సింహది. అతను ఆదిభట్ల కంపెనీ క్యాంపస్‌లో గడ్డి కోసే పనికి పోయేవాడు. కంపెనీ బస్సు మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది కాబట్టి రోజూ వాగు మీది లోలెవల్ వంతెన నడిచి దాటాలి. ఆ మధ్యాహ్నం డ్యూటీకి బయల్దేరినప్పుడు నీళ్లు మోకాళ్ల కిందే ఉన్నాయట. సగం దాటాక పైనుంచి అలుగు నీళ్లు వచ్చిపడ్డాయి. రెండో రోజు తుమ్మల్లో దొరికాడు.

విచారణలో పెద్దసారు కంప్యూటర్ చూసి, మెసేజ్ చేరింది అన్నాడు. "చదువు లేనోళ్లు. ఫోన్ చూస్కోరు. మనమేం చేస్తం?"

"అవ్ సార్" అన్నాను.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను మామూలు పిరికివాణ్ని. కాలేదు. బయటికి రాగానే వరండాలో నర్సింహ భార్య అంజమ్మ ఎదురొచ్చింది. ఇద్దరికీ కలిపి ఉన్న బటన్ల ఫోన్ నా చేతిలో పెట్టింది.

"సారూ, జర చూడు. మెసేజ్ వచ్చిందంటున్రు. నాకు చదువు రాదు. యాడుందో చూపియ్యి."

బటన్లు నొక్కాను. వెతుకుతున్నట్టు నటించాను. "లేదక్కా."

"ఎట్ల లేదు? వచ్చిందని పెద్దసారే అన్నడు గద."

"పొరపాటున డిలీట్ అయ్యుంటది."

ఆమె ఫోన్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆయన బువ్వ తినేటప్పుడు ఫోన్ నా చేతులనే ఉండె. టైమెంతయిందో చూసిన. అయితే... నేనే ఏదో ఒత్తి తుడిపేసిన్నా?"

లేదు అనాలి. రెండక్షరాల మాట. నేనేమన్నానో తెలుసా? "ఫికర్ చెయ్యకక్కా. గట్ల అయితుంటది" అన్నాను. ఓదార్చినట్టు కూడా అన్నాను.

తర్వాత ఆ ఉద్యోగం మానేసి ప్లాట్లతోనే బతికాను, బాగానే బతికాను. ఊళ్లలో నన్ను పెద్దమనిషి అంటారు. అంజమ్మ కొంగరకలాన్ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చేస్తోంది. ఆమె ఇప్పుడు ఏ మెసేజూ తుడపదని వాళ్ల వాడ మనిషి ఒకామె చెప్పింది. లోన్ ఇస్తామనే మెసేజ్ వచ్చినా ఎవరో ఒకరి చేత పూర్తిగా చదివించుకుంటుందట. మొగుణ్ని చేతులారా చంపుకున్నానని ఒకసారి క్యాంటీన్‌లో అన్నదట. అది విన్న రోజు కూడా నేను ఆమె దగ్గరికి పోలేదు. కంపెనీ బస్సు దిగుతుంటే కారులోంచి చూశాను. అద్దం పైకెత్తుకున్నాను.

రేపు పోతానా? పోతానని మీకు మాటిస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. నన్ను క్షమించమని అడగడం లేదు. క్షమించేవాళ్లుంటే వాళ్లను చూసి కూడా నవ్వుకునే రకం నేను.

అంజమ్మ ఏ బటనూ ఒత్తలేదు. మెసేజ్ ఆమె ఫోనుకు రాలేదు, నా ఫోనుకు వచ్చింది. ఈ మాట కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి. గుండె కొంచెం తేలికైంది. సిగ్గులేనిది, దానికి ఇంతే చాలింది.