గెడ్డ దాటే బండి

సాలూరులో బండి గురించి ఆడది నోరు తెరవకూడదు. ఇది ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు. ఊళ్ళో సగం ఇళ్ళ ముందు లారీలు నిలబడి ఉంటాయి, మిగతా సగం ఇళ్ళలో లారీల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. దాంతో ఇక్కడ పుట్టిన ప్రతి మగవాడూ తాను పుట్టుకతోనే మెకానిక్కునని అనుకుంటాడు. మా బావా అంతే. బావ అంటే నా మొగుడే, మేనత్త కొడుకు. లారీల బుకింగ్ ఆఫీసులో గుమస్తా. ఆ ఆఫీసు మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంది, నడిస్తే అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల దారికే నా బండి పోయింది. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు, అందుకే రాస్తున్నాను.

నేను కోటబొమ్మాళి పక్కన వరి రైతుల ఇంటి పిల్లని. టీచరు ఉద్యోగం వచ్చాక, పెళ్ళై సాలూరు వచ్చాక, కొండ మీది ఊరికి వేశారు. ఒకే టీచరు ఉండే బడి, పధ్నాలుగు మంది పిల్లలు. సాలూరు నుంచి ఒడిశా వైపు పోయే పెద్ద రోడ్డు మీద పన్నెండు కిలోమీటర్లు వెళ్ళి, పక్కకు తిరిగితే కొండదారి ఎనిమిది. ఆ ఎనిమిదిలో రెండు చోట్ల గెడ్డ దాటాలి. గెడ్డ అంటే మా వైపు కొండవాగు. ఎండాకాలంలో చీలమండ కూడా తడవదు, వానలు పడితే పిక్కల దాకా వస్తుంది. ఒకప్పుడు వంతెన కడతామని రాళ్ళు తెచ్చి పోశారు. వంతెన రాలేదు. ఆ రాళ్ళు మాత్రం నీళ్ళలో దొర్లుతూ ఉంటాయి.

తొమ్మిదికల్లా బడి ముందు నిలబడి ఫోనుకు ముఖం చూపించాలి, అదే హాజరు. ఆలస్యమైతే సంజాయిషీ రాసుకోవాలి. సంజాయిషీలకు నేను భయపడలేదు. టీచరు వేళకు రాని బడిని కింద ఊరి బడిలో కలిపేస్తారన్న మాట ఒకటి నడుస్తూ ఉండేది, దానికి భయపడ్డాను. కలిపేస్తే ఆరేళ్ళ పిల్లలు రెండు గెడ్డలూ దాటి కిందికి రావాలి. వాళ్ళు రారు, మానేస్తారు. అంచేత నేను తొమ్మిదికి కొండ మీద ఉంటేనే అక్కడ బడి ఉన్నట్టు.

మొదటి రెండేళ్ళు స్కూటీ మీద తంటాలు పడ్డాను. దాని చక్రాలు చిన్నవి, అడుగు రాళ్ళకు రాసుకుంటుంది. మొదటి గెడ్డ ఒడ్డున చింతచెట్టు కింద పెట్టేసి మిగతా అయిదు కిలోమీటర్లు నడిచేదాన్ని. సంతరోజు జీపు దొరికేది. వానాకాలంలో నెలకు ఏడెనిమిది రోజులు ఆలస్యమయ్యేది. ఆ రెండేళ్ళూ నడుస్తూనే బండి గురించి ఆలోచించాను, రాత్రి వంట అయ్యాక ఫోనులో చూసేదాన్ని. పెద్ద రోడ్డు మీద లారీల పక్కన తొణక్కుండా పోవాలంటే కొంచెం బరువు కావాలి. గెడ్డలో తిప్పుకోవాలంటే తేలిక కావాలి. ముందు చక్రం పెద్దదై ఉండాలి, ఇంజను నేలకు ఎత్తుగా ఉండాలి, సైలెన్సరు పైకి ఉండాలి. రోజూ ఆఫీసుకు పోయినట్టు పోవాలి, కొండా ఎక్కాలి. అలాంటి సన్నటి, పొడుగుకాళ్ళ బండి ఒకటి ఉందని తెలిసింది.

ఇంట్లో చెబితే బావ నవ్వాడు.

"బండంటే బరువుండాలే. ఇది సూడు, బక్కసిక్కిన గేదెలాగుంది. లారీ గాలికే ఎగిరిపోతాది" అన్నాడు. ఆయన మనసు పెద్ద ట్యాంకు ఉన్న బరువైన బండి మీద ఉంది.

అత్త ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఎనకాల సీర గార్డు లేని బండేటే? నన్ను గుడికి ఎలా తీసికెల్తావు?"

బండి గెడ్డ దాటుతుందా అని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

విజయనగరం షోరూముకు వెళ్ళాం. అక్కడి సేల్స్ అతను గంటసేపు బావతోనే మాట్లాడాడు. నేను ప్రశ్న అడిగితే జవాబు బావకు చెప్పేవాడు. నాకు ఒళ్ళు మండింది.

"దీన్ని ఒకసారి పక్కకి పడుకోబెట్టండి" అన్నాను.

"ఏటి మేడమ్?"

"నేలమీద పడుకోబెట్టండి. నేను లేపి చూస్తాను."

అతను బావ వైపు చూశాడు. "సార్, బండిని అలా పడుకోబెట్టకూడదండి. అరిష్టం."

"ఇది అమ్మే బండి కాదు కదా, నడిపి చూడ్డానికి పెట్టింది. గెడ్డలో పడిపోతే లేపడానికి అక్కడ ఎవరూ ఉండరు. లేపలేకపోతే నాకెందుకు?"

చివరికి వెనక ఖాళీ స్థలంలో, గోనెసంచి పరిచి పడుకోబెట్టారు. బండికి వీపు ఆనించి, సీటు అంచుకు నడుం ఆనించి, ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, కాళ్ళతో వెనక్కి నెట్టాను. లేచింది. తర్వాత బావకు నచ్చిన బరువు బండినీ పడుకోబెట్టించాను. అది మోకాలి ఎత్తు దాకా వచ్చి ఆగిపోయింది, నా నడుం పట్టేసింది. నాకు అంతకన్నా పరీక్ష అక్కర్లేదు. బావ మాత్రం ఆ సాయంత్రం నుంచి నెల రోజులు దొరికిన వాళ్ళందరికీ ఇదే చెప్పాడు. "బండి కొంటాకెల్లి మా ఆవిడ సర్కస్ సేసొచ్చింది."

నేను చేసిన తప్పు దగ్గరికి ఇప్పుడు వస్తున్నాను. బండి కొనేముందు ఇనుము ఎవరి పేరున అచ్చొస్తుందో చూపించుకోవడం మా వైపు మామూలే. అత్త వెళ్ళి పంతులుగారిని అడిగి వచ్చింది. నాకు ఏలిననాటి శని నడుస్తోందట, ఇనుము నా పేరున వద్దట, బావ పేరున అయితే దివ్యంగా ఉందట.

"పేరే కదే, నడిపేది నువ్వే కదా" అంది అత్త.

నేనూ అలాగే అనుకున్నాను. మా పుట్టింట్లో ట్రాక్టరు మా అమ్మ పేరున ఉంది, ఇనుము ఆవిడకే అచ్చొస్తుందని. ఆవిడ ఒక్కనాడూ దాని స్టీరింగు ముట్టుకోలేదు. మా నాన్న దున్నాడు, మా అన్న దున్నాడు, అమ్మ బురద కడిగింది. కాబట్టి పేరుకీ నడపడానికీ సంబంధం లేదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ పేరు మగవాడిదైతే లెక్క మారుతుందని మాత్రం తెలియలేదు. నా జీతంతో కొన్న బండికి, నా చేత్తోనే ఫారం నింపి, యజమాని దగ్గర బావ పేరు రాశాను. నా దస్తూరీ బాగుంటుందని నాకే ఇచ్చారు.

బండి వచ్చాక ఒక్క చిక్కు మిగిలింది. నేను పొట్టిదాన్ని, కాలు నేలకు ఆనడం లేదు. లారీ సీట్లు కుట్టే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన సీటు విప్పి మూడు వేళ్ళ మందం స్పాంజి కోసేసి మళ్ళీ కుట్టాడు. నన్ను కూర్చోబెట్టి, తానే వంగి నా చెప్పు కిందికి చూశాడు.

"ఆనింది కదమ్మా. అయితే మరేటి పర్నేదు" అన్నాడు.

ఈ మొత్తం వ్యవహారంలో నా కాలి వైపు చూసిన మగవాడు ఆయనొక్కడే.

ఆ ఏడాది ఆషాఢం, శ్రావణం నా ఉద్యోగంలో బాగా గడిచిన రెండు నెలలు. గెడ్డలో నీళ్ళ వైపు చూడకూడదు, అవతలి ఒడ్డు వైపు చూడాలి. మొదటి గేరులో, ఆగకుండా, చక్రం రాయి మీద జారితే ఒక కాలు ఆనించి సర్దుకుంటూ పోవాలి. ఒక్క రోజూ ఆలస్యం కాలేదు. పిల్లలకు మధ్యాహ్నం వండిపెట్టే ఆమె ఇల్లు బడి పక్కనే. కింద మలుపులో నా బండి చప్పుడు వినగానే ఆమె ఎసరు పెట్టేది. మానేసిన పిల్లలు ముగ్గురు మళ్ళీ బడికి వచ్చారు. ఎవరి దయా లేకుండా నేనే ఒక చోటికి చేరుకుంటున్నానన్న గర్వం ఉండేది నాకు. అది దాచుకోవడం చేతకాలేదు, ఇంటికొచ్చి గెడ్డ ఎలా దాటానో కథలు చెప్పేదాన్ని. చెప్పకుండా ఉండాల్సింది.

భాద్రపదంలో ఒక శనివారం బావ బండి తీసుకెళ్ళాడు. ఆఫీసు ముందు డ్రైవర్లంతా చుట్టూ చేరి మెచ్చుకున్నారట. తర్వాతి వారం, "రేపు సరుకు పార్టీ వస్తాది. ఆపీసు ముందర బండుంటే బాగుంటాది" అన్నాడు. తర్వాత అడగడం మానేశాడు. అత్త కోసం చీర గార్డు వేయించాడు, కాళ్ళు పెట్టుకోవడానికి పక్కన రేకు వేయించాడు. నేను స్కూటీ మీద బయలుదేరేటప్పుడు బండి వరండాలో ఉండేది, సాయంత్రం వచ్చేసరికి కూడా వరండాలోనే ఉండేది. మధ్యలో రెండు వీధులు తిరిగి వచ్చేది.

"బావా, బండి ఎవరికోసం కొన్నాం?" అని అడిగాను.

"ఇంటికి కొన్నాం."

"ఇంటికి కొండెక్కే పనేటుంది?"

"స్కూటీ ఉంది కదే. రెండేల్లు దాని మీద ఎల్లనేదా? బండి నా పేరునున్నాది. నువ్వెక్కడైనా పడితే రేపు నన్ను అడుగుతారు" అన్నాడు.

ఆ మాట అన్న వారానికి సీటు మళ్ళీ ఎత్తు చేయించాడు. నాకు చెప్పలేదు. సీటు కోసేయడంతో బండి అందం పోయిందని ఎవరో అన్నారట.

తుపాను వానలు మొదలైన ఒక పొద్దున్న, ఆయన నిద్రలో ఉండగా తాళం తీసుకుని వెళ్ళాను. అడగలేదు. నా బండికి నేనెందుకు అడగాలి అనుకున్నాను. ఎక్కగానే తేడా తెలిసింది, మునివేళ్ళు మాత్రమే నేలకు తగులుతున్నాయి. వెనక్కి తిరిగితే ఆలస్యం, ముందుకే పోయాను. మొదటి గెడ్డ ఎలాగో దాటాను. రెండో గెడ్డలో ముందు చక్రం కింద రాయి దొర్లింది. ఎడమ కాలు దింపాను. కింద ఏమీ తగల్లేదు, నీళ్ళే. బండితో పాటు పడ్డాను. లేపడానికి వీపు ఆనించి నెడితే చీర గార్డు రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. వానలో, ఆ నీళ్ళలో ఎంతసేపు పెనుగులాడానో తెలియదు. ఏడ్చాను కూడా. చివరికి లేచింది. బడికి చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. వంట చేసే ఆమె నా మోచేయి కడిగి పసుపు పెట్టింది.

ఇంటికి వచ్చేసరికి బావ వరండాలో నిలబడి ఉన్నాడు. బండి దగ్గర గొంతుక్కూర్చుని ట్యాంకు మీది గీతను వేలితో తడిమాడు.

"ఏటి సేసీసావే" అన్నాడు. నా చేతికున్న గుడ్డ కట్టు ఆయన కళ్ళ ఎదురుగానే ఉంది.

"పంతులుగారు ముందే సెప్పేరు, ఇనుము దీనికి అచ్చిరాదని" అంది అత్త లోపలి నుంచి.

నేను నోరు పారేసుకున్నాను. ఇద్దరినీ అనరాని మాటలన్నాను. వాటిలో ఒక్కదానికీ ఇప్పుడు బాధపడటం లేదు. బాధ ఏమిటంటే, అన్నీ అని, మర్నాడు స్కూటీ మీదే వెళ్ళాను. తాళం ఆయన చొక్కా జేబులోకి వెళ్ళింది. నేను పోట్లాడి ఉండొచ్చు. పుట్టింటికి చెప్పి ఉండొచ్చు. పేరు మార్పించమని పట్టుబట్టి ఉండొచ్చు. ఇంట్లో రోజూ గొడవ ఎందుకులే అనుకున్నాను. ఈ అనుకోవడం నాకు కొత్త కాదు.

ఆ వానల్లోనే మూడో సంజాయిషీ రాశాక బదిలీకి పెట్టుకున్నాను. పెద్ద రోడ్డు పక్క బడి వచ్చింది. స్కూటీ సరిగ్గా గేటు దాకా పోతుంది. మా బావ సంతోషించాడు, ఈ బదిలీ తన ఆలోచనేనని అందరికీ చెప్పాడు. కొండ మీద బడికి నా తర్వాత ఎవరినీ వేయలేదు. కిందనుంచి ఒకాయన వారానికి రెండు రోజులు వస్తాడన్నారు.

రిజిస్టర్లు, బీరువా తాళాలు అప్పగించడానికి ఆఖరిసారి కొండ ఎక్కాను, మొదటి గెడ్డ నుంచి నడిచి. వంట చేసే ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. బదిలీ సంగతి చెబితే చేతిలోని చేట పక్కన పెట్టింది.

"ముందొచ్చినోల్లు తోవ బాగోనేదని ఎలిపోయేరు" అంది. "నిజమే, తోవ బాగోదు. నువ్వు ఆ తోవనే వొచ్చీదానివి కదమ్మా. నీకేటయింది?"

"బండి లేదు" అన్నాను.

"పాడైపోనాదా?"

నిక్షేపంలా ఉంది. నిన్ననే షాంపూతో కడిగి, తుడిచి, వరండాలో కవరు కప్పి పెట్టారు. ఆ మాట ఆమెతో చెప్పడానికి సిగ్గేసింది. అవునని తల ఊపాను.

"అయ్యో" అంది ఆమె. "బాగయినాక వచ్చీయమ్మా."

సరేనని చెప్పి దిగి వచ్చేశాను.