కోదాడ మెకానిక్ జోరు

తొంభైల చివర్లో మా బావ ఒక టర్బో డీజిల్ బండి కొని, దామరచర్ల నుంచి మిర్యాలగూడకు రోజూ మనుషుల్ని తిప్పేవాడు. ఇంజను ట్యూనింగ్‌కు కోదాడ మెకానిక్‌ను మించినవాడు లేడని డ్రైవర్లంతా చెబితే అక్కడికే వెళ్ళాం.

ఆ మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బానెట్ ఎత్తగానే చేత్తో యాక్సిలరేటర్ తీగ లాగి, ఇంజను గర్జిస్తుంటే కళ్ళు మూసుకుని, కచేరీ వింటున్నట్టు నవ్వేవాడు.

"అన్నా, గిది రోజూ మందిని ఎక్కించుకునే బండి. జోరు లేకున్నా మంచిదే, నడుమల ఆగొద్దు," అన్నాడు బావ.

"నువ్వూరుకోవయ్యా. డీజిల్ కాస్త ఎక్కువ తాగిస్తే లారీలన్నీ నీ వెనకే," అంటూ డీజిల్ పెంచి మళ్ళీ తీగ లాగాడు.

ఆ నెలలోనే అక్కకు నొప్పులొచ్చాయి. ఎండలో దవాఖానకు వెళ్తుంటే ఇంజను కాగిపోయి, నల్లటి పొగ కక్కి, దారిలో ఆగిపోయింది. రోడ్డు పక్కన అక్క నా ఒళ్ళో తలపెట్టి మూలిగింది. ఎవరిదో ట్రాక్టర్ ఆగబట్టి తల్లీబిడ్డా దక్కారు.

బండిని కోదాడకు లాక్కెళ్ళి ఇదంతా చెప్పాను.

"ఇంజనుకేం తప్పు లేదు, మీ బావకే నడపటం రాదు," అన్నాడు. అక్క ఎలా ఉందని కూడా అడగలేదు.

బావ బండిని సూర్యాపేటకు లాక్కెళ్ళాడు. అక్కడ ఇంకో మెకానిక్ "రోజుకెంత తిరుగుతది, ఎందరెక్కుతరు?" అని ముందే అడిగాడు. బండిని ఆయనకే అప్పగించాం. ఆయన డీజిల్ తగ్గించి, పాడైన భాగాలు మార్చాడు. ఆ తర్వాత బండి ఎన్నడూ దారిలో ఆగలేదు.

కోదాడ మహానుభావుడు మాత్రం వచ్చిన డ్రైవర్లందరితో, "దామరచర్ల బండి చూశారా? అది నా చేతి పనే," అని చెప్పుకునేవాడట.