చేపల యాప్ మీటింగులో మా అమ్మ

మా అమ్మ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్ముతుంది. నేను పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో గుమస్తాని. చేపలు ఇంటికి తెచ్చిచ్చే ఒక యాప్ కంపెనీ షేర్లు మార్కెట్లోకి వస్తున్నాయని తెలిసినప్పటి నుంచి మా ఆఫీసులో ఎవరికీ పని మీద ధ్యాస లేదు. ఇంటికోసం దాచిన డబ్బంతా అందులో పెట్టేద్దామని నేనూ అనుకున్నాను.

కంపెనీవాళ్లు బీచ్ రోడ్డు హోటల్లో మీటింగు పెట్టారు. వాళ్లు అమ్మ దగ్గరే చేపలు కొంటారు, చూసి సంతోషిస్తుందని ఆమెనీ తీసుకెళ్లాను. తెర మీద గీతలు పైపైకి పోతున్నాయి. కోటు వేసుకున్నాయన సందేహాలున్నాయా అని అడగ్గానే అమ్మ లేచింది. పక్కనే మా మేనేజరు! కొంగు పట్టి లాగాను, ఆమె కూర్చోలేదు.

"బాబూ, నా కాడ కోనాం సేప ఎక్కువ రేటిచ్చి కొంతన్నారు. మా ఈదిలో నాకంటే తక్కువకి అమ్మతన్నారు. మద్దిన ఐసు, బండి, మనిసి. ఈ నట్టం ఎవలు బరిత్తన్నారు?"

"అది నష్టం కాదమ్మా, గ్రోత్. ముందు కస్టమర్లు అలవాటు పడాలి."

"రేటు పెంచితే ఆళ్లు మళ్లీ నా కాడికే వత్తారు గదా. అప్పుడేటి సేత్తారు?"

హాలంతా నవ్వింది. టీ తర్వాత మాట్లాడదామన్నాడాయన. మాట్లాడలేదు.

"పరువు తీసేసావమ్మా," అన్నాను బస్సులో.

"ఆడు సెప్పనేదు గదరా," అంది, అంతే.

ఆ రాత్రి నేనూ లెక్క వేసి చూశాను, ఎక్కడా మిగల్లేదు. షేర్లు కొనలేదు. మొదటి వారాల్లో అవి ఎగబాకుతుంటే ఆఫీసులో తలెత్తుకోలేకపోయాను, అమ్మ మీద లోలోపల కోపం కూడా వచ్చింది. తర్వాత డిస్కౌంట్లు ఆగాయి, ఆర్డర్లు పడిపోయాయి, షేరు సగానికి పైగా కుంగింది. ఇక్కడి గోడౌను మూసేశారు. మంచి బేరం పోయిందని అమ్మే దిగులుపడింది.

ఒక ఆదివారం పొద్దున్న నేను అమ్మ దగ్గర ఉండగా మా మేనేజరు హార్బర్‌కి వచ్చాడు. చేతిలో మరో కంపెనీ కాగితాలు.

"ఇది కొనొచ్చంటావా అమ్మా?"

అమ్మ చేతులు తుడుచుకుంది. "నాకు సదువు రాదు బాబూ. ఆళ్లు ఏటమ్మతన్నారో, దేనిమీద మిగులుద్దో సెప్పండి."

ఆయన చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, కాగితాలు మళ్లీ తిరగేశాడు. పక్కన నిలబడిన ఒకాయన ఈవిడెవరని నన్నడిగాడు.

"మా అమ్మ," అన్నాను, కాస్త గట్టిగానే.